కథలో మనిషికి లోతు ఎలా వస్తుంది: ఉద్దానం నుంచి ఒక పాత్ర, మెట్టు మెట్టుగా

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మీద కథ అనగానే కొత్తగా రాసేవాళ్ళలో చాలామంది మొదటి పేరాలోనే డయాలసిస్ మంచం వేసేస్తారు. మంచం మీద భర్త, పక్కన నోట్లో కొంగు కుక్కుకున్న భార్య. విజయనగరం జూట్ మిల్లు మీద కథ అయితే మూసేసిన గేటు, దాని ముందు క్యారేజీ పట్టుకుని నిలబడ్డ కార్మికుడు. వలస మీద అయితే పలాస స్టేషన్‌లో మూటాముల్లె. ఇవన్నీ నిజాలే, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కళ్ళముందు జరుగుతున్నవే. అయినా కథ అయ్యాక ఆ భార్య ఎలాంటి మనిషో చెప్పమంటే చదివినవాళ్ళు చెప్పలేరు. "పాపం, చాలా కష్టపడింది" అంటారు, అక్కడితో ఆగిపోతారు.

నా మట్టుకు నాకు దీనికి కారణం జాలి అనిపిస్తుంది. జాలి పడ్డ క్షణం నుంచి రచయిత ఆ మనిషిని ప్రశ్నలు అడగడం మానేస్తాడు. ఆమెకు ఎవరిమీద అసూయ? దేనికి అబద్ధమాడుతుంది? ఎవరి దగ్గర గొప్పలు పోతుంది? కష్టంలో ఉన్నవాళ్ళని ఇలాంటివి అడగడం తప్పేమో అనుకుని వదిలేస్తాడు. మనకు తెలిసిన ఏ మనిషినైనా తలుచుకోండి, కష్టం వచ్చిందని ఆమె గయ్యాళితనం గానీ, సరసం గానీ, పిసినారితనం గానీ ఎక్కడికీ పోలేదు. కాగితం మీదకి వచ్చేసరికి మాత్రం మనమే అవన్నీ తీసి పక్కన పెడుతున్నాం.

పాత్రకు లోతు ఉండడమంటే ఆమె గురించి బోలెడు వివరాలు రాయడమని కొందరు, పెద్ద విషాద గతం పెట్టడమని కొందరు అనుకుంటారు. నేను దాన్ని ఇలా పట్టుకుంటాను: ఒక మనిషికి ఒకేసారి రెండు కావాలి, రెండూ న్యాయమైనవే, రెండూ కలిసి దొరకవు. అప్పుడు ఏది వదులుకుంటుంది, ఆ వదులుకున్న సంగతి ఎవరికి తెలియకుండా దాస్తుంది? లోతు అక్కడ తెలుస్తుంది. మిగతా మెట్లన్నీ ఆ చోటికి చేరడానికే.

ఉదాహరణకి ఒక మనిషిని మొదటి నుంచీ తయారుచేద్దాం. పేరు కూర్మమ్మ. శ్రీకూర్మం స్వామి పేరు కాబట్టి ఊరేదో చెప్పకుండానే సగం చెప్పినట్టే. నలభై అయిదేళ్ళు. వజ్రపుకొత్తూరు వైపు పల్లె. భర్త తవిటయ్యకి కిడ్నీలు పోయాయి. ఇంతవరకూ చెప్పింది పాత్ర కాదు, రేషన్ కార్డు మీద ఉండే సమాచారం.

మొదటి మెట్టు: జబ్బు కంటే ముందు పని ఇవ్వండి

కూర్మమ్మ పలాసలో జీడిపప్పు కార్ఖానాకి వెళ్తుంది. ఈ ఒక్క వాక్యంతో సరిపెట్టేయకండి. ఆ పని ఆమె చేతులకి ఏం చేసిందో, కళ్ళకి ఏం నేర్పిందో చూడండి.

జీడి పిక్క పెంకులో ఉండే సొన చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు కొట్టేవాళ్ళు చేతులకి నూనో బూడిదో పూసుకుని కూర్చుంటారు. అయినా వేళ్ళు నల్లబడతాయి, చర్మం లేచిపోతుంది. తర్వాత పప్పుని ఆరబెట్టి పొట్టు తీయాలి, విరగకుండా తీయాలి. గుండు పప్పు ధర వేరు, బద్ద ధర వేరు. గుండులో కూడా 180, 240, 320 అని రకాలు ఉంటాయి. పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా పెద్దది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన ఆడమనిషికి కాటా అక్కర్లేదు, చూపు చాలు.

ఇప్పుడు ఆ చూపుని కార్ఖానా బయటికి తీసుకురండి. ఆస్పత్రిలో మందుల చీటీ తీసుకుని మాత్రలు లెక్కపెట్టుకుంటుంటే ఒకటి విరిగి ఉంది. కూర్మమ్మ దాన్ని కౌంటర్ మీదే వెనక్కి తోసి "ఇది బద్ద. గుండు ఇయ్యండి" అంది. ఆ ఒక్క మాటతో ఆమె పాత్రలోకి వచ్చేసింది. ఇంకా ఆమె కష్టం గురించి ఒక్క ముక్క చెప్పలేదు, అయినా ఈమె మోసపోయే రకం కాదని తెలిసిపోయింది. పని తెలిసిన మనిషికి ఒక గీర ఉంటుంది. ఆ గీరని చూపించగలిగితే జాలి దానంతటదే తప్పుకుంటుంది.

మీ పాత్ర పని మీకు తెలియకపోతే వెళ్ళి చూడండి. పొందూరులో నూలు వడికేవాళ్ళ దగ్గరకో, బొబ్బిలిలో వీణ చెక్కేవాళ్ళ దగ్గరకో వెళ్ళి ఒక పూట కూర్చుంటే పుస్తకాల్లో దొరకనివి దొరుకుతాయి. "మీ కష్టాలు చెప్పండి" అని మాత్రం అడగొద్దు. "ఈ పనిలో తప్పు ఎక్కడ జరుగుద్ది?" అని అడగండి. ఆ ప్రశ్నకి అందరూ ఉత్సాహంగా జవాబు చెప్తారు.

రెండో మెట్టు: చేత్తో ముట్టుకోగలిగే కోరిక

"కుటుంబం బాగుండాలి" అనేది కోరిక కాదు. అది అందరికీ ఉంటుంది కాబట్టి ఎవరిదీ కాదు. కోరిక ఎంత చిన్నదైతే, ఎంత కచ్చితమైనదైతే అంత మంచిది. పైకి చెప్పుకోవడానికి కాస్త సిగ్గుపడేదైతే ఇంకా మంచిది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కూర్మమ్మ ముప్పై సెంట్లలో ఉన్న చెట్లు కూడా పోయాయనుకుందాం. భర్త ఆ నేల అమ్మేద్దామన్నాడు, మందుల ఖర్చులు ఉన్నాయి కదా. ఆమె అమ్మనివ్వలేదు. మళ్ళీ మొక్కలు వేయించింది. నాటు రకం కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. భర్త ఆరోగ్యం సంగతి తెలిసి కూడా ఆరేడేళ్ళ తర్వాత కాసే చెట్లు నాటింది.

అంటే ఆమె ఎవరి కోసం నాటినట్టు? తవిటయ్య లేని రోజుల కోసమా? ఈ ప్రశ్న ఆమె తనని తాను అడుక్కోదు. తవిటయ్య కూడా అడగడు. మీరు కూడా కథలో ఎక్కడా అడగకండి. పాఠకుడు అడుగుతాడు.

మూడో మెట్టు: ఎదురెదురు గుణాలు రెండు, వేరు మాత్రం ఒక్కటే

"మంచిదే కానీ కోపం ఎక్కువ", "దొంగే కానీ తల్లంటే ప్రాణం". ఇలాంటి జతలు పాత్రకు లోతు తీసుకురావు. ఒక గుణానికి ఇంకో గుణం అతికించినట్టు ఉంటాయి. రెండు ఎదురు గుణాలూ ఒకే చోట పుట్టాలి.

కూర్మమ్మ వడ్డీకి ఇస్తుంది. కార్ఖానాలో తోటి ఆడవాళ్ళకి, నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. ఆడపడుచు దాలమ్మకి కూడా అదే వడ్డీ, అర్ధరూపాయి తగ్గించదు. వాయిదా దాటితే కార్ఖానా గేటు దగ్గరే నిలబెట్టి అడిగేస్తుంది. ఇదే కూర్మమ్మ భర్తని వారానికి మూడుసార్లు బస్సులో తీసుకెళ్ళి, నాలుగేసి గంటలు ఆస్పత్రి వరండాలో కూర్చుని తీసుకొస్తుంది. రెండింటికీ వేరు ఒకటే: చేతిలో డబ్బు లేని రోజు వస్తే ఏమవుతుందోనన్న భయం. ఆ భయమే ఆమెని సేవ చేయిస్తోంది, ఆ భయమే పీడించేలా చేస్తోంది.

ఇలా రాస్తే "పేదవాళ్ళని చెడ్డగా చూపించారు" అంటారని చాలామంది జంకుతారు. మన విజయనగరంలోనే దీనికి ధైర్యమిచ్చే గొప్ప ఉదాహరణ ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. తర్వాత ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకం అనదగ్గట్టు తిరగరాసి 1909లో అచ్చు వేయించారు. ఆ తిరగరాతలో బాగా పెరిగిన పాత్ర మధురవాణి. ఆమె వేశ్య. డబ్బు లెక్క తెలుసు, మగవాళ్ళని ఆడించడం తెలుసు, అబద్ధమాడటం తెలుసు. పసిపిల్ల పెళ్ళి తప్పించే పన్నాగానికి సాయపడేదీ ఆ నేర్పుతోనే. చివర్లో సౌజన్యారావు పంతులు దగ్గర ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది, తీరా ఆయన ఒప్పుకున్నాక తనే వద్దంటుంది. ఆమె వృత్తినీ తెలివినీ మర్యాదనీ విడదీసి వేర్వేరు డబ్బాల్లో పెట్టలేం. గురజాడ ఆమెని కడిగి శుద్ధి చేసి గౌరవించలేదు, ఉన్నదున్నట్టు గౌరవించారు. సంస్కరణ కోసం రాసిన నాటకంలో ఆ పని చేయడం ఎంత కష్టమో తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

నాలుగో మెట్టు: ఎవరితో ఎలా మాట్లాడుతుంది

మనిషి ఒక్కరే అయినా గొంతులు చాలా ఉంటాయి. "డబ్బు లేదు" అన్న ఒక్క సంగతినే మీ పాత్ర చేత ముగ్గురితో చెప్పించి చూడండి.

కార్ఖానా షావుకారుతో: "బాబూ, ఈ వారం కూలి ముందు ఇప్పించండి బాబూ."

అప్పు అడిగిన దాలమ్మతో: "సొమ్ములు నాకాడ సెట్టుకి కాస్తన్నాయేటి?"

భర్తతో ఆ మాటే అనదు. "బేగి తిను మావా, బస్సు ఎల్లిపోద్ది" అంటుంది.

మూడో చోట ఆ మాట రాకపోవడమే ఎక్కువ చెప్పింది. పాత్ర ఎవరి దగ్గర ఏ సంగతి ఎత్తదో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. సంభాషణ రాస్తున్నప్పుడు అది చాలా పనికొస్తుంది.

యాస గురించి ఒక మాట. మన యాస రాయాలి, రాయకపోతే మనుషులు మనవాళ్ళలా ఉండరు. కానీ ప్రతి అక్షరాన్నీ విరిచి రాస్తే గుంటూరులో చదివేవాళ్ళు సంగతి వదిలేసి మాట అర్థం చేసుకోవడం మీద పడతారు. 'ఏటి', 'బేగి', 'గుంటడు' లాంటి మాటలు, క్రియ చివర మన ఒరవడి, ఇవి సరిపోతాయి. ఇంకొకటి: యాస మారే చోట్లు వదలకండి. ఇంట్లో యాసలో మాట్లాడే కొడుకు, వైజాగ్‌లో చదువుకుని వచ్చాక నర్సు ముందు తల్లి మాటని సరిచేశాడనుకోండి. తల్లి ఇక ఆ వరండాలో నోరెత్తలేదు. ఆ నాలుగు వాక్యాలు ఆ కుటుంబం గురించి ఎన్నో పేజీల పని చేస్తాయి.

అయిదో మెట్టు: గతం తక్కువ

పాత్ర పుట్టినప్పటి నుంచీ జరిగినదంతా మీ నోట్‌బుక్‌లో రాసుకోండి, కథలోకి మాత్రం ఒక్క సంఘటన రానివ్వండి. అదీ ఇప్పటి పనికి అడ్డం పడేదైతేనే. కూర్మమ్మ చిన్నప్పుడు అప్పు తీర్చలేక తండ్రి ఊరందరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు అనుకుందాం. ఆమె గేటు దగ్గర బాకీదారుని నిలబెట్టినప్పుడు ఆ మనిషి చేతులు కట్టుకుంటే, కూర్మమ్మ "సేతులు దించు ముందు" అని కసిరితే చాలు. తండ్రి సంగతి రాయనక్కర్లేదు.

ఆరో మెట్టు: ఇరకాటం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ఇంతవరకూ కూడబెట్టినదంతా ఇక్కడ ఖర్చుపెట్టాలి.

మళ్ళీ వేసిన చెట్టు మొదటిసారి గెల వేసింది. నులకమంచం మీద నుంచి తవిటయ్యకి ఆ గెల కనబడుతుంది. "ఒక్క బొండం తాగుతానే" అన్నాడు. డయాలసిస్ మీద ఉన్న మనిషి మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగాలి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పెరిగిపోతే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరి నీళ్ళు పనికిరావు. ఉద్దానం గురించి ఇంతకంటే పదునైన నిజం నాకు తెలియదు. దాన్ని ఉపన్యాసంలా చెప్తే మాత్రం వృథా అయిపోతుంది.

కూర్మమ్మ ఏం చేస్తుంది? మొదట తోచేవి రెండు. ఏడుస్తూ వద్దంటుంది, లేదా ఏడుస్తూ ఇచ్చేస్తుంది. రెండూ కొట్టేయండి. ఏ భార్య అయినా అదే చేస్తుంది, కూర్మమ్మ అక్కర్లేదు. ఆమె పని, కోరిక, భయం, మాట తీరు, అన్నీ తెలిసిన కూర్మమ్మ మాత్రమే చేసేది ఏమిటి? నేనైతే ఇలా రాస్తాను:

"తవిటయ్య ఆస్పత్రి నుంచి వచ్చేసరికి చెట్టు మీద గెల లేదు. ఆ రోజు తోడు కొడుకుని పంపించి ఇంటి దగ్గరే ఉండిపోయింది కూర్మమ్మ. బొండాల బండివాడికి ఇచ్చేసిందట. మంచం దగ్గరికి వచ్చి నూట యాభై రూపాయలు తలగడ కింద పెట్టింది.

'కాయ ఎంత?'

'పదిహేను.'

తవిటయ్య కాసేపు చెట్టు వైపు చూశాడు. 'పదకొండు కదే ఉన్నాయి.'

'ఒకటి పుచ్చిపోనాది.'

గుమ్మం పక్కన కత్తి ఆనించి ఉంది. అంచు ఇంకా తడిగానే ఉంది. తవిటయ్య దానివైపు చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

'తియ్యగుందా?' అన్నాడు.

కూర్మమ్మ కత్తి తీసి లోపల పెట్టేసింది."

గెల అమ్మేయడం ఆమె లెక్కకి సరిపోతుంది. కళ్ళముందు ఉంటే ఆయన అడుగుతూనే ఉంటాడు, అమ్మేస్తే ప్రాణం నిలబడుతుంది, డబ్బూ వస్తుంది. కానీ ఇన్నేళ్ళు ఎదురుచూసిన చెట్టు మొదటి కాయ, ఎవరూ లేనప్పుడు ఒక్కటి కొట్టుకుని తాగింది. అది స్వార్థమా? కావచ్చు. ఆయన ముందు తాగకపోవడం ప్రేమా? అదీ కావచ్చు. అబద్ధం దేనికి ఆడింది, తాగినందుకా, తాగాలనిపించినందుకా? రచయితగా మీరు ఒక జవాబు ఎంచుకుని కింద రాసేస్తే దృశ్యం అక్కడే చచ్చిపోతుంది.

తవిటయ్యని కూడా చూడండి. అప్పటివరకూ రోగిగా పడున్న మనిషి ఒక్క ప్రశ్నతో పైకి లేచాడు. కాయలు లెక్కపెట్టుకున్నాడంటే ఆశపడ్డాడు. నిలదీయకుండా రుచి అడిగాడంటే ఆమెని క్షమించాడనుకోవచ్చు, పొడిచాడనీ అనుకోవచ్చు. ఒక పాత్రకు లోతు తేవడానికి తేలికైన దారి, ఎదురుగా ఉన్న మనిషికి కూడా తెలివి ఇవ్వడం. ఎదుటివాళ్ళు మొద్దులైతే ఎంత గొప్ప పాత్రైనా గాలిలో కత్తి తిప్పినట్టే ఉంటుంది.

ఇరకాటం రాసేముందు కనీసం అయిదారు దారులు కాగితం మీద పెట్టండి. మొదటి రెండు మూడు ఎప్పుడో ఎక్కడో చదివినవే వస్తాయి. ఆ తర్వాత వచ్చేవాటిలో పాత్ర సొంతది ఒకటి ఉంటుంది.

ఏడో మెట్టు: ఆశ్చర్యం పరీక్ష

ఇంగ్లీష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన ఉపన్యాసాల్లో పాత్రల్ని రెండు రకాలుగా విడగొట్టాడు. ఒక్క మాటలో చెప్పేయగలిగేవి ఒక రకం, నిండుగా గుండ్రంగా ఉండేవి ఇంకో రకం. నిండు పాత్రకి ఆయన పెట్టిన పరీక్ష ఇది: నమ్మించేలా ఆశ్చర్యపరచగలగాలి. ఆశ్చర్యపరచకపోతే పాత్ర పలచన. ఆశ్చర్యపరిచినా నమ్మకం కలగకపోతే, నిండుగా ఉన్నట్టు నటిస్తున్న పలచన పాత్ర.

మీ ఇరకాటం దృశ్యాన్ని ఒకరికి చదివి వినిపించండి, మధ్యలో ఆపి "ఇప్పుడేం చేస్తుంది?" అని అడగండి. వాళ్ళు చెప్పిందే మీరు రాసి ఉంటే ఇంకా తవ్వాలి. వేరేది రాసి, విన్నాక వాళ్ళు "ఆ, చేస్తది మరి" అంటే కుదిరినట్టు. "అలా ఎందుకు చేసింది?" అంటే వెనక మెట్లలో ఎక్కడో ఖాళీ ఉంది. నా అనుభవంలో అది ఎక్కువగా మూడో మెట్టులోనే దొరుకుతుంది.

అన్ని పాత్రలకీ ఇంత లోతు అక్కర్లేదు. బొండాల బండివాడు వచ్చి, బేరమాడి వెళ్ళిపోతే చాలు. అతనికి కూడా గతం పెడితే పాఠకుడికి ఎవరిని పట్టుకోవాలో తెలియదు.

ఎనిమిదో మెట్టు: కోత, తర్వాత ఊరివాళ్ళ చెవి

చిత్తుప్రతిలో "ఆమెకు అర్థమైంది", "అతని మనసు కలుక్కుమంది", "తనలోని తల్లి మేల్కొంది" లాంటి వాక్యాల కింద గీత పెట్టండి. ఆ పక్కనే ఆ సంగతి చూపించే పని ఏదైనా ఉంటే వాక్యం కొట్టేయండి. లేకపోతే పని రాయండి, తర్వాత వాక్యం కొట్టేయండి. ఎలాగైనా వాక్యం పోవాల్సిందే.

విశేషణాలు కూడా చూసుకోండి. 'అమాయకమైన', 'నిస్సహాయమైన', 'బక్కచిక్కిన', వీటిలో రెండు ఒకే పాత్రకి పడ్డాయంటే జాలి వెనక తలుపు నుంచి మళ్ళీ వచ్చేసిందని అర్థం.

తర్వాత ఆ ఊరి మనిషికో, ఆ పని చేసిన మనిషికో చదివి వినిపించండి. సాహిత్యం తెలిసినవాళ్ళే కానక్కర్లేదు. కథ బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనేస్తారు. "ఇందులో మీవాళ్ళు అనని మాట ఏదైనా ఉందా?" అని అడగండి. "ఈవిడ మీ పక్కింట్లో ఉంటే మీకు పడుద్దా?" అని అడగండి. రెండో ప్రశ్నకి ఒకరు "మంచి మనిషి" అని, ఇంకొకరు "అమ్మో, దాంతో మనకెందుకు" అని అంటే సంతోషించండి.

పనిలో పనిగా శ్రీకాకుళంలో కథానిలయానికి ఒకసారి వెళ్ళండి. కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టింది. తెలుగు కథల కోసం ప్రత్యేకంగా కట్టిన గ్రంథాలయం. ఒకే వృత్తి మీద, ఒకే కష్టం మీద వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు రాసిన కథలు నాలుగు తీసుకుని వరసగా చదవండి. చదువుతూ ప్రతి కథలో ముఖ్య పాత్ర వదులుకున్నదేమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. కొన్ని కథలకి ఆ వాక్యం వెంటనే వచ్చేస్తుంది, కొన్నిటికి ఎంత వెతికినా దొరకదు. దొరకని కథల్లో ఏ మెట్టు దాటేశారో చూసుకుని, మీ చిత్తుప్రతిలో అదే మెట్టు దగ్గర నుంచి తిరగరాయడం మొదలుపెట్టండి.